పాత వైర్‌లెస్ మీడియా బాక్సు: పాటలు వస్తాయి, డీవీడీ సినిమా ఆగి ఆగి ఆడుతుంది. తప్పు ఎక్కడుంది?

పాతబాక్సు_కడప

2005 నాటి వైర్‌లెస్ మీడియా బాక్సు. కంప్యూటర్లో ఉన్న పాటలూ సినిమాలూ టీవీలో చూపించే రకం. ఆ మోడల్‌కు సపోర్టు ఎప్పుడో ఆపేశారు, కొత్త ఫర్మ్‌వేర్ (బాక్సు లోపలి సాఫ్ట్‌వేర్) దొరకదు.

బాక్సు వివరాలు: వైఫై 802.11జి, 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. వైఫై సెక్యూరిటీలో పాతకాలపు వెప్ తప్ప ఇంకోటి లేదు. వెనక ల్యాన్ సాకెట్ ఉంది. టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఏవీ వైరు. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు, ఔట్‌పుట్ 12 వోల్టులు 1.5 ఆంపియర్లు అని ఉంది.

ఇంటి వివరాలు: ముందు హాల్లో ఫైబర్ రూటర్, వెనక గదిలో టీవీ. మధ్యలో రెండు రాతి గోడలు, ఒక్కోటి అడుగున్నర మందం. ఫైబర్ రూటర్‌లో కొత్త సెక్యూరిటీ రకాలు డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 మాత్రమే ఉన్నాయి, వెప్ లేదు. అందుకని పాత జి రూటర్ ఒకటి తీసి, దాని వ్యాన్ సాకెట్‌కు (ఇంటర్నెట్ వైరు పెట్టేది) ఫైబర్ రూటర్ నుంచి వైరిచ్చి, 128 బిట్ వెప్ పెట్టినా. బాక్సు దానికి కనెక్ట్ అవుతాంది. సినిమాలన్నీ విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి.

ఇప్పుడు బాధలు. ల్యాప్‌టాప్ ఫైబర్ వైఫైలో ఉంటే బాక్సుకు అస్సలు కనపడదు. పాత రూటర్ వైఫైకి మారిస్తే కనపడుతుంది, అదీ రెండు మూడు సార్లు ఆఫ్ చేసి ఆన్ చేస్తే. ఎంపీ3 పాటలు బాగానే వస్తాయి. 700 ఎంబీ సినిమాలు ఎప్పుడన్నా ఒకసారి ఆగుతాయి. డీవీడీ నుంచి తీసిపెట్టుకున్నవైతే పాట మొదలైతే చాలు, బొమ్మ బిగుసుకుపోతాంది. బాక్సులో చూస్తే సిగ్నల్ ఐదింట్లో మూడు గీతలుంది. ఫోన్‌లో తీసిన వీడియోలు లిస్టులోనే రావు. తెలుగులో పేరు పెట్టిన పాటలు డబ్బాలు డబ్బాలుగా కనపడతాయి. ఇవి చాలవన్నట్టు మధ్యాహ్నం పూట బాక్సు తనంతట తానే రీస్టార్ట్ అవుతాంది.

బూస్టర్ కొనాలా, పెద్ద యాంటెన్నా వేయాలా?

బురుజుపక్క (కర్నూలు)

రెండూ వద్దప్పా. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది.

ముందు ఆగి ఆగి ఆడే సంగతి. ల్యాప్‌టాప్ నుంచి బాక్సుకు వైఫై నేరుగా పోదు. ల్యాప్‌టాప్ నుంచి రూటర్‌కు ఒకసారి, రూటర్ నుంచి బాక్సుకు ఇంకోసారి, ప్రతి ప్యాకెట్టూ రెండుసార్లు గాలిలో పోవాలి. రెండూ ఒకే ఛానల్‌లో కాబట్టి ఒకటి మాట్లాడేటప్పుడు ఇంకోటి నోరు మూసుకోవాల్సిందే. 802.11జి డబ్బా మీద 54 మెగాబిట్లని రాస్తారు గానీ, రూటర్ పక్కనే కూర్చున్నా చేతికొచ్చేది 20 నుంచి 22. రెండుసార్లు పోయేసరికి అది 10, 11 అవుతుంది. ఇక రెండు రాతి గోడలు దాటాలంటే రేడియో తన వేగాన్ని తానే 54 నుంచి 36కు, 18కి, 11కు దించుకుంటూ పోతుంది. అక్కడ మీకు మిగిలేది మూడో నాలుగో.

ఇప్పుడు సినిమా వైపు లెక్క. రెండున్నర గంటల సినిమా 700 ఎంబీలో ఉంటే సెకనుకు 0.65 మెగాబిట్లు. అది ఎట్లాగైనా దూరిపోతుంది. అదే సినిమా 4.7 జీబీ డీవీడీలో ఉంటే సగటున 4.2, రెండు పొరల 8.5 జీబీ డిస్కు నిండా ఉంటే 7.6. ఇది సగటు మాత్రమే. డీవీడీ ప్రమాణం ప్రకారం ఒక్కో క్షణంలో 10.08 వరకు ఎగరొచ్చు. మనుషులు కూర్చుని మాట్లాడుకునే సీన్లో బిట్లు తక్కువ పడతాయి. వెనక యాభై మంది డాన్సర్లు, వాన, పూలు అన్నీ ఒకేసారి కదిలితే అమాంతం పెరుగుతాయి. అందుకే మీ బాక్సు పాటల దగ్గరే బిగుసుకుంటోంది. అప్పటి బాక్సుల్లో బఫర్ చాలా చిన్నది, కొన్ని సెకన్లు తడబడినా బొమ్మ ఆగుతుంది.

ఆ మూడు గీతలను నమ్మొద్దు. రూటర్ గొంతు బాక్సుకు ఎంత గట్టిగా వినపడుతుందో మాత్రమే అవి చెబుతాయి. పక్కింటి రూటర్ల గోల ఎంతుంది, ఎన్ని ప్యాకెట్లు మళ్ళీ మళ్ళీ పంపాల్సొస్తోంది అనేది గీతల్లో కనపడదు. ల్యాప్‌టాప్‌ను టీవీ పక్కన పెట్టి స్పీడ్ టెస్ట్ చేసినా లాభం లేదు, దాని రేడియో బాక్సుదాని కంటే చాలా మెరుగు. కొలవాలంటే ల్యాప్‌టాప్ కమాండ్ ప్రాంప్ట్‌లో బాక్సు ఐపీకి (నెట్‌వర్క్ చిరునామాకు) పింగ్ కొట్టండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడండి, ప్యాకెట్ సైజు 1400, లెక్క 200 (ఎల్ ఆప్షన్ సైజుకు, ఎన్ ఆప్షన్ లెక్కకు). ఒక్కటీ పోకుండా 2 నుంచి 10 మిల్లీసెకన్లలో వస్తే గాలి బాగున్నట్టు. 5, 180, 12, 400 అని ఎగురుతున్నా, 200లో నాలుగైదు పోయినా తప్పు గాలిదే.

అంతకంటే ముందు ఒక పని చేయండి. బాక్సును టీవీతో సహా ఒక పూట హాల్లోకి తెచ్చి, ల్యాన్ వైరుతో పాత రూటర్ ల్యాన్ సాకెట్‌కు తగిలించండి. ల్యాప్‌టాప్‌నూ అదే రూటర్‌కు వైరుతోనే. బాక్సు మెనూలో వైర్‌లెస్ ఆపి వైర్డ్ ఎంచుకోండి, చాలా పాత బాక్సులు తమంతట తాము మారవు. అదే డీవీడీ సినిమా, అదే పాట పెట్టండి. వైరు మీద సాఫీగా ఆడితే తప్పు గాలిది. వైరు మీదా ఆగితే ఫైల్‌దో ల్యాప్‌టాప్‌దో. ఈ పరీక్ష కాకుండా రూపాయి ఖర్చు పెట్టొద్దు.

ఇక కనపడకపోవడం. అది సిగ్నల్ సమస్య కాదు. పాత రూటర్‌కు వ్యాన్ సాకెట్లో వైరిచ్చారు కాబట్టి ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్కులు తయారయ్యాయి. ఈ బాక్సులు సర్వర్‌ను (ల్యాప్‌టాప్‌లో సినిమాలు పంచే సాఫ్ట్‌వేర్‌ను) వెతికేది యూపీఎన్‌పీ పద్ధతిలో, 239.255.255.250 అనే మల్టీకాస్ట్ (అందరికీ వినపడే) చిరునామాకు యూడీపీ 1900 పోర్టులో కేక వేసి. ఆ కేక ఇంటి రూటర్ దాటి అవతలికి పోదు. ల్యాప్‌టాప్ ఫైబర్ వైఫైలో ఉంటే గేటుకు అవతల ఉన్నట్టు. మీరు పాత రూటర్ వైఫైకి మార్చినప్పుడు గేటు లోపలికొచ్చింది, కానీ అప్పుడు రెండుసార్ల గాలి బాధ మొదలైంది. రెండు బాధలకూ మూలం ఒకటే.

"అయితే వైరు వ్యాన్ నుంచి ల్యాన్‌కు మార్చి, పాత రూటర్ డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేస్తే సరి" అని ఎవరైనా చెబుతారు. కనపడడం వరకు అది నిజమే. కానీ అప్పుడు వెప్ తలుపు మీ ఇంటి మొత్తం నెట్‌వర్క్‌లోకి తెరుచుకుంటుంది. వెప్‌ను పగలగొట్టొచ్చని 2001లోనే తేలింది. 2007లో వచ్చిన పద్ధతితో ఆ పని నిమిషం లెక్కకు వచ్చేసింది. 64 బిట్టా 128 బిట్టా అన్నది పెద్ద తేడా కాదు. ఫోన్‌లో బ్యాంకు యాప్‌లు వాడే ఇంట్లో అది వద్దు.

మీ బాక్సుకు ల్యాన్ సాకెట్ ఉండడం అదృష్టం. దాని వైఫైని మరిచిపోండి. గాలిలో పోయే పని కొత్త రేడియోకు అప్పజెప్పండి. 300 మెగాబిట్ల 802.11ఎన్ రూటర్, సెటప్ పేజీలో క్లయింట్ మోడ్ (ఇంకో రూటర్ వైఫైని అందుకుని వైరుకిచ్చేది) గానీ రేంజ్ ఎక్స్‌టెండర్ మోడ్ గానీ ఉన్నది తీసుకోండి. డబ్ల్యూఐఎస్‌పీ మోడ్ ఎంచుకోవద్దు, అది మళ్ళీ ఇంకో గేటు కడుతుంది, సర్వర్ మళ్ళీ మాయమవుతుంది.

చిన్న రూటర్‌ను ల్యాప్‌టాప్‌కు వైరుతో తగిలించి, అడుగున స్టిక్కర్ మీదున్న చిరునామాతో పేజీ తెరవండి. మోడ్ మార్చి, ఫైబర్ రూటర్ 2.4 గిగాహెర్ట్జ్ పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి. ఫైబర్ రూటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.250 లాంటిది ఇవ్వండి, డీహెచ్‌సీపీ పంచే వరుసకు బయట ఉండాలి. చిరునామా మార్చాకే డీహెచ్‌సీపీ ఆపండి. వరుస తప్పితే పేజీ మళ్ళీ తెరుచుకోక రీసెట్ బటన్ నొక్కాల్సొస్తుంది. తర్వాత దాన్ని టీవీ దగ్గరికి తీసుకుపోయి ఒక మీటరు వైరుతో బాక్సుకు తగిలించండి. బాక్సుకు ఐపీ చేత్తో ఇవ్వండి, ఉదాహరణకు 192.168.1.240, మాస్క్ 255.255.255.0. క్లయింట్ మోడ్‌లో కొన్ని రూటర్లు డీహెచ్‌సీపీ సరిగ్గా దాటించవు. పైగా పాత బాక్సుల్లో కొన్నింటికి లీజు (డీహెచ్‌సీపీ ఇచ్చిన చిరునామా) గడువయ్యాక కొత్తగా అడగడం రాదు, రేపు ఇదే టైముకు మాయమైపోతాయి.

ల్యాప్‌టాప్‌ను మాత్రం ఫైబర్ రూటర్‌కు వైరుతోనే పెట్టండి. అప్పుడు గాలి ప్రయాణం ఒక్కటే. విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ను ప్రైవేట్ అని మార్చండి, పబ్లిక్‌లో ఉంటే ఫైర్‌వాల్ ఆ కేకకు బదులు ఇవ్వనివ్వదు. వీపీఎన్ ఉంటే ఆపండి. వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్ ఉంటే దాని దొంగ నెట్‌వర్క్ అడాప్టర్‌ను డిసేబుల్ చేయండి. సర్వర్ ఒక్కోసారి ఆ చిరునామాను ప్రకటిస్తుంది, బాక్సు అక్కడికి పోయి తలుపు కొట్టి వస్తుంది.

చిన్న రూటర్ ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. రాతి గోడకు ఎదురుగా కాదు, వాకిళ్ళ వరుసలో, మనిషి ఎత్తున పెట్టండి. ఇనుప బీరువా పక్కన వద్దు. దారిలో ఎయిర్ కూలర్ ఉంటే జరపండి, నలభై లీటర్ల నీళ్ళ తొట్టి 2.4 గిగాహెర్ట్జ్‌కు ఇంకో గోడే. బాక్సు పింగ్ బాగుంటే 20 మెగాబిట్లు నిలిచినా డీవీడీకి చాలు.

టవర్‌క్లాక్_అనంతపురం

నెట్‌వర్క్ సంగతి పైన అంతా వచ్చింది. కానీ రీస్టార్ట్ కావడం వేరే జబ్బు. దాన్ని ముందు తేల్చకపోతే మిగతా పరీక్షలన్నీ తప్పుదారి పట్టిస్తాయి, ఎందుకంటే "మూడుసార్లు ఆన్ చేస్తే గానీ సర్వర్ కనపడదు" అన్నదీ ఇందులో భాగం కావచ్చు.

ఇరవై ఏళ్ళ అడాప్టర్ అది. లోపల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడుతుందని లెక్క. మన ఎండలకు గదిలోనే 40 దాటితే, టీవీ వెనక సందులో ఉన్న అడాప్టర్ లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. మధ్యాహ్నమే రీస్టార్ట్ అవుతోందంటే అందుకే. కూలర్ మోటారు ఆన్ అయినప్పుడు, ఫ్రిజ్ కంప్రెసర్ లేచినప్పుడు కరెంటు ఒక్క క్షణం కుంగుతుంది. మంచి అడాప్టర్ ఆ క్షణాన్ని కెపాసిటర్లో నిల్వతో దాటిస్తుంది, ముసలిది దాటించలేదు. వైఫై కార్డు డేటా పంపేటప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది కాబట్టి, సినిమా పెట్టినప్పుడే పడిపోతుంది, మెనూలో ఊరికే ఉంచితే పడదు.

మల్టీమీటర్ డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి, లోడు లేకుండా కొలిస్తే 12 చూపిస్తుంది. దాన్ని చూసి మోసపోవద్దు. బైకు ఇండికేటర్ బల్బు, 12 వోల్టుల 10 వాట్లది, అడాప్టర్‌కు తగిలించి కొలవండి. అది 0.83 ఆంపియర్లు లాగుతుంది, అంటే అడాప్టర్ సత్తాలో సగం చిల్లర. పదినిమిషాల తర్వాత కూడా 11.5 పైన నిలబడాలి. 10.5కు దిగిందంటే అడాప్టర్ పోయినట్టే. బల్బు కాలుతుంది, పట్టుకోవద్దు.

కొత్తది సీసీటీవీ సామాన్ల షాపులో దొరుకుతుంది, 12 వోల్టుల 2 ఆంపియర్లది. వోల్టులు అంతే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా ఇబ్బంది లేదు. పిన్ను మాత్రం బాక్సు తీసుకుపోయి సరిచూసుకోండి. బయట 5.5 మిల్లీమీటర్లు రెండు రకాల పిన్నులకూ ఒకటే, లోపలి రంధ్రం 2.1 అయినా ఉండొచ్చు, 2.5 అయినా ఉండొచ్చు. 2.5 పిన్ను 2.1 సాకెట్లో దూరినట్టే దూరి వదులుగా ఉంటుంది, కదిలినప్పుడల్లా రీస్టార్ట్. నడుమ ప్లస్సా మైనస్సా అనేది పాత అడాప్టర్ మీద బొమ్మ ఉంటుంది, రెండూ కలవాలి. షాపులో 2 ఆంపియర్లని రాసినవన్నీ 2 ఇవ్వవు, కొనే ముందు అదే బల్బులు రెండు కలిపి పెట్టి చూడండి.

అడాప్టర్ మార్చినా రీస్టార్ట్ ఆగకపోతే బాక్సు మూత తీసి కెపాసిటర్ల తలలు చూడండి. పైన ఉబ్బినా, అడుగున గోధుమ రంగు మరక ఉన్నా మార్చాలి. మైక్రోఫారడ్ అంతే, వోల్టులు అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల లో ఈఎస్ఆర్ రకం. చార వైపు కాలు మైనస్. బాక్సు లోపల 12 వోల్టులే కాబట్టి భయం లేదు. పాత అడాప్టర్‌ను మాత్రం విప్పొద్దు, లోపలి పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కాసేపు ఉంటుంది.

ఇంకో మాట, ఇది చదివే మిగతావాళ్ళ కోసం. అమెరికా నుంచి వచ్చిన బాక్సు అడాప్టర్ మీద ఇన్‌పుట్ 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230లో పెట్టగానే అయిపోతుంది. పాతబాక్సు గారిది 100–240, పర్లేదు.

రీల్‌డబ్బా (ప్రొద్దుటూరు)

ఫోన్ వీడియోలు లిస్టులో రాకపోవడానికి నెట్‌వర్క్‌తో సంబంధమే లేదు. ఈ తరం బాక్సుల్లో ఉన్న చిప్‌కు తెలిసిన వీడియో మూడు రకాలు: ఎంపెగ్-1, ఎంపెగ్-2, డివెక్స్ లేదా ఎక్స్‌విడ్ అని పిలిచే పాత రకం ఎంపెగ్-4. కొన్నింటికి డబ్ల్యూఎంవీ. ఫోన్ తీసేది హెచ్.264 లేదా హెచ్.265. డీకోడింగ్ హార్డ్‌వేర్‌లో జరుగుతుంది కాబట్టి ఏ ఫర్మ్‌వేర్ వచ్చినా ఆ చిప్‌కు ఆ భాష రాదు. ఫైల్ పేరు చివర మార్చి మోసం చేయాలని చూస్తే లిస్టులో వస్తుంది, నొక్కగానే బాక్సు బిగుస్తుంది.

రెండు దారులున్నాయి. మొదటిది, యూనివర్సల్ మీడియా సర్వర్ లాంటిది ల్యాప్‌టాప్‌లో వేసి ఆడించేటప్పుడే ఎంపెగ్-2కు మార్పించడం. ఈ కాలం ల్యాప్‌టాప్‌కు 720×576 సైజు ఎంపెగ్-2 మార్చడం పెద్ద పని కాదు. లోపం ఏమిటంటే ముందుకు వెనక్కు జరపడం సరిగ్గా రాదు. మినీడీఎల్ఎన్ఏ అనే సర్వర్ అయితే మార్చదు, ఉన్నది ఉన్నట్టు పంపుతుంది.

రెండోది, నాకు నచ్చేది, ముందే మార్చి పెట్టుకోవడం. వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో టార్గెట్ ఆప్షన్‌కు పాల్-డీవీడీ అని ఇస్తే సైజు, ఫ్రేములు, ఆడియో అన్నీ అదే చూసుకుంటుంది. కానీ అది వీడియోకు 6000 కిలోబిట్లు, గరిష్ఠం 9000 పెడుతుంది. గాలిలో పోయేదానికి అది దండగ. వీడియో రేటు 3500, గరిష్ఠం 5000, ఆడియో 192 అని చేత్తో రాయండి. ఏవీ వైరు మీద పాత టీవీలో 6000కూ 3500కూ తేడా పట్టుకోవడం కష్టం. వీడియోలు మార్చే ఇంకో సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌తో ప్రయత్నించకండి, ఏవీఐ ఇవ్వడం అది ఎప్పుడో మానేసింది, ఇచ్చే ఎంపీ4, ఎంకేవీ లాంటివేవీ ఈ బాక్సుకు పనికిరావు.

700 ఎంబీ ఎక్స్‌విడ్ సినిమాలు "ఎప్పుడన్నా ఒకసారి" ఆగుతున్నాయన్నారు. 0.65 మెగాబిట్లకు గాలి అడ్డం కాకూడదు. ఆగేది ప్రతిసారీ అదే సినిమాలో అదే చోటైతే తప్పు ఫైల్‌ది. ఎక్స్‌విడ్‌లో క్యూపెల్, జీఎంసీ అని రెండు ఆప్షన్లుంటాయి, అప్పటి చిప్‌లు వీటికి తడబడతాయి, బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదురుతుంది. ఈ రెండూ ఉన్న ఫైల్‌ను మళ్ళీ ఎన్‌కోడ్ చేయక తప్పదు. ప్యాక్డ్ బిట్‌స్ట్రీమ్ అయితే అంత శ్రమ లేదు: రెండు ఫ్రేములను ఒక మూటలో కట్టి పంపడం అది, దానివల్ల కదలిక కుదుపులుగా వస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఎంపెగ్4 అన్‌ప్యాక్ బీఫ్రేమ్స్ అనే బిట్‌స్ట్రీమ్ ఫిల్టర్ వేసి, వీడియో ఆడియో కాపీ అని ఇస్తే ఒక్క నిమిషంలో మూట విప్పి ఇస్తుంది, నాణ్యత పోదు. మాట ఒకచోట పెదవి ఒకచోట అవుతుంటే ఆడియో వీబీఆర్ (రేటు మారుతుండే) ఎంపీ3 అయి ఉంటుంది, దాన్ని 128 సీబీఆర్‌గా (ఒకే రేటుకు) మార్చండి, వీడియో ముట్టుకోనక్కర్లేదు.

తెలుగు పేర్ల సంగతి: బాక్సులో తెలుగు ఫాంట్ లేదు. ఫాంట్ ఉన్నా గుణింతాలూ ఒత్తులూ కలిపి చూపించే సాఫ్ట్‌వేర్ అందులో లేదు. దీనికి మందు లేదు, ఫైల్ పేర్లూ ట్యాగులూ (పాట ఫైల్ లోపల రాసే పేరు వివరాలు) ఇంగ్లీషు అక్షరాల్లో రాయాల్సిందే. ట్యాగులు ఐడీ3వీ2.3 రకంగా సేవ్ చేయండి, 2.4ను చాలా పాత బాక్సులు చదవవు. పక్కన ఐడీ3వీ1 కూడా ఉంచండి, అందులో పేరుకు 30 అక్షరాలే పడతాయి కాబట్టి సినిమా పేరు ముందు, పాట పల్లవి తర్వాత. తెలుగు సబ్‌టైటిళ్ళకూ ఇదే గతి, కావాలంటే మార్చేటప్పుడే బొమ్మలో కలిపి కాల్చేయాలి.

వేల పాటలుంటే "అన్ని పాటలు" అనే మెనూ తెరవొద్దు. మొత్తం లిస్టు బాక్సు తన చిన్న మెమరీలోకి లాక్కోబోయి ఊపిరాడక నిలబడుతుంది. ఫోల్డర్‌కు 150 మించకుండా పెట్టండి.

సూటిగా_చెప్తా

ఇంత కష్టం దేనికి? టీవీకి పెట్టే స్టిక్ ఒకటి కొంటే అన్నీ ఆడతాయి కదా.

బురుజుపక్క (కర్నూలు)

టీవీకి హెచ్‌డీఎమ్ఐ ఉంటే నిజమే, నేనూ అదే అంటాను. ఏవీ పిన్నుల టీవీ అయితే స్టిక్‌తో పాటు హెచ్‌డీఎమ్ఐ నుంచి ఏవీకి మార్చే డబ్బా, దానికి వేరే 5 వోల్టుల యూఎస్‌బీ కరెంటు కూడా కావాలి. కొనేటప్పుడు దిక్కు చూసుకోండి, ఏవీ నుంచి హెచ్‌డీఎమ్ఐకి మార్చేదీ అచ్చం అలాగే ఉంటుంది, తిప్పి పెడితే పనిచేయదు. అడిగినాయన బాక్సు గురించి అడిగాడు, బాక్సు గురించే చెబుదాం.

ఆదోని_రేడియో

మధ్యలో దూరుతున్నా. నా దగ్గరున్నది ఇంకా పాతది, 802.11బి, ల్యాన్ సాకెట్ కూడా లేదు. వెప్ మాత్రమే. దీనికి దారి ఉందా?

బురుజుపక్క (కర్నూలు)

ఉంది, కానీ దాన్ని ఇంటి నెట్‌వర్క్‌కు కలపొద్దు. ఒక దీవి కట్టండి. పాత రూటర్‌కు ఇంటర్నెట్ వైరు ఏదీ ఇవ్వకుండా, 192.168.50.1 చిరునామా, వెప్, ఛానల్ 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టండి. ఆటో వద్దు, మన దేశంలో 13 దాకా అనుమతి ఉంది గానీ అమెరికా బాక్సులు 11 దాటి వెతకవు. సినిమాలున్న ల్యాప్‌టాప్‌ను దానికి వైరుతో కలపండి, వైర్డ్ కార్డుకు 192.168.50.10 ఇచ్చి గేట్‌వే ఖాళీగా వదిలేయండి. అప్పుడు ల్యాప్‌టాప్ ఇంటర్నెట్ తన వైఫై మీద ఎప్పట్లాగే వస్తుంది. ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్, నెట్‌వర్క్ బ్రిడ్జి రెండూ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే దీవికి వంతెన కట్టినట్టే. ల్యాప్‌టాప్‌లో సినిమాల ఫోల్డర్ తప్ప ఇంకేదీ షేర్‌లో ఉంచొద్దు. చూడనప్పుడు రూటర్ ఆఫ్.

వెప్ కీ దగ్గర చాలామంది తికమక పడతారు. 128 బిట్‌కు 26 హెక్స్ అంకెలు, 64 బిట్‌కు 10. పాస్‌ఫ్రేజ్ ఇచ్చి కీ తయారుచేసే బటన్ రూటర్‌లో ఒక లెక్క, బాక్సులో ఇంకో లెక్క వాడొచ్చు, అందుకే హెక్స్ అంకెలే రెండు చోట్లా కొట్టండి. కీ నంబర్ రెండింట్లో 1 ఉండాలి.

802.11బి కాబట్టి చేతికొచ్చేది 5, 6 మెగాబిట్లు, అదీ దగ్గర్లో. డీవీడీ ఫైళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దు. ఎంపెగ్-2ను 352×576 సైజుకు, 2000 కిలోబిట్లకు మార్చితే ఆడుతుంది.

ఇంకోటి, విండోస్ షేర్ ఫోల్డర్ మీద ఆడే బాక్సైతే అది ఎస్‌ఎమ్‌బీ1 (ఫైళ్ళు పంచే పాత పద్ధతి) అడుగుతుంది. విండోస్ 10లో 2017 చివరి నుంచి దాన్ని మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం మానేశారు. ఆన్ చేయడం ఎలాగో నెట్‌లో చెబుతారు, చేయకండి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది ఆ సందులోంచే. యూపీఎన్‌పీ సర్వర్ మీదే ఆడించండి.

పాతబాక్సు_కడప

అందరికీ థ్యాంక్స్ అన్నా. ఫలితాలు ఇవీ.

అడాప్టర్: బల్బు పెడితే 10.2. కొత్తది 12 వోల్టుల 2 ఆంపియర్లది పెట్టినాక మూడు రోజులుగా రీస్టార్ట్ లేదు.

పాత వైఫై మీద పింగ్: 200లో 11 పోయినాయి, 4 నుంచి 620 మిల్లీసెకన్లు. హాల్లో వైరు మీద: ఒక్కటీ పోలేదు, డీవీడీ సినిమా మూడు పాటలూ ఆగకుండా ఆడింది.

క్లయింట్ మోడ్ రూటర్ టీవీ దగ్గర పెట్టి, ల్యాప్‌టాప్ ఫైబర్ రూటర్‌కు వైరు: పింగ్ 3 నుంచి 30, పోయింది ఒక్కటే. 4.7 జీబీ సినిమా ఆడుతాంది. 8.5 జీబీది మాత్రం గంటకు ఒకసారి అరసెకను బిగుస్తాంది.

మిగిలింది ఒకటే. మార్చిన ఎంపెగ్-2 ఫైళ్ళలో ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కితే సినిమా మొదటికి పోతాంది. ఏవీఐలో సరిగ్గానే ఉంది.

బురుజుపక్క (కర్నూలు)

8.5 జీబీకి గాలితో ఇంక పోరాడొద్దు, వైరు లాగండి. క్యాట్ 5ఈ 20 మీటర్లు సరిపోతుంది. రాతి గోడకు పెద్ద రంధ్రం వేయక్కర్లేదు, వెంటిలేటర్ సందులోంచి తీయండి. రంధ్రమే వేయాలంటే కనెక్టర్ కొట్టని వైరు 8 మిల్లీమీటర్లలో దూరుతుంది, కొట్టినదైతే 14 కావాలి, కాబట్టి దూర్చాకే కొట్టించండి. కనెక్టర్లో వైర్ల రంగుల వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసలా ఇదే.

రీల్‌డబ్బా (ప్రొద్దుటూరు)

ఫాస్ట్ ఫార్వర్డ్ సంగతి. ఏవీఐ చివర ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే ఇండెక్స్ ఉంటుంది, బాక్సు దాన్ని చూసి దూకుతుంది. ఎంపెగ్-2 ప్రోగ్రామ్ స్ట్రీమ్‌లో అలాంటి పట్టిక లేదు, బాక్సు అందాజుగా దూకాలి. ఆ ఫైల్ మొత్తం నిడివి సర్వర్ చెప్పకపోతే కొన్ని బాక్సులు సున్నా అనుకుని మొదటికి పోతాయి. ఆడించేటప్పుడే మార్పిస్తుంటే నిడివి తెలియదు కాబట్టి అది సహజం. మీరు ముందే మార్చి పెట్టుకున్నారు గనక, యూనివర్సల్ మీడియా సర్వర్‌లో ఆ ఫోల్డర్‌కు ట్రాన్స్‌కోడింగ్ (ఆడించేటప్పుడే మార్చడం) ఆపి చూడండి. అదీ పనిచేయకపోతే సినిమాను 20 నిమిషాల ముక్కలుగా కోసి 01, 02 అని పేర్లు పెట్టి ఒక ఫోల్డర్‌లో వేయండి. కోసేటప్పుడు మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా కాపీ ఆప్షన్ వాడండి, ముక్క ముక్కకూ మధ్య అరక్షణం నల్ల తెర వస్తుంది, అంతే.

పాతబాక్సు_కడప

ట్రాన్స్‌కోడింగ్ ఆపితే ఫార్వర్డ్ వస్తాంది. వెనక్కి జరపడం మాత్రం ఇంకా రాదు.

రీల్‌డబ్బా (ప్రొద్దుటూరు)

అది ఫర్మ్‌వేర్‌లోనే లేకపోవచ్చు. రిమోట్‌లో అంకె నొక్కితే సినిమాలో అంత శాతానికి దూకే సౌకర్యం కొన్ని బాక్సుల్లో ఉంటుంది, 3 నొక్కితే 30 శాతం. ఒకసారి నొక్కి చూడండి.